వంతెన దాటని దొర

మహబూబ్ సుభాని అరబ్బు దేశంలో, తబూక్ పట్నంలో డ్రైవరు. ఈ మాట ఆయన ముందు అనకూడదు. ఆయన లెక్క ప్రకారం తాను కడప జిల్లాలో ఒక దర్గాకు ఇనాందారు. టైము బాగాలేక ప్రస్తుతానికి స్టీరింగు పట్టుకున్నాడు, అంతే. ఈ ‘ప్రస్తుతం’ మొదలయ్యేనాటికి ఆయన మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు దానికి రంగు వేయాల్సి వస్తోంది. ఆ రంగు డబ్బా కొనేది నా దగ్గరే కాబట్టి నాకు తెలుసు.

నేను ఖాజాను. మాది ప్రొద్దుటూరు. సుభాని వాళ్లుండే మేడ కింద చిన్న బకాలా నడుపుతున్నాను. బకాలా అంటే కిరాణా కొట్టేలెండి, కాకపోతే బెల్లం బదులు ఖర్జూరం ఎక్కువ అమ్ముతాం. పైన వాళ్ల గదిలో ముగ్గురు మనుషులు, నాలుగు మంచాలు. నాలుగో మంచం మీద బట్టలు ఆరేస్తారు. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే నేనూ పైకెక్కి భోజనానికి కూర్చుంటాను. ఆ పూట వంట సుభానిది. చెయ్యి మంచిది. ఇన్నేళ్లుగా ఆయన గొప్పలు వింటూ నేను ఓపిక పట్టానంటే ఆ బిర్యానీ పుణ్యమే.

ఆ ఇనాం ఏ నవాబు ఇచ్చాడో, ఎంత భూమి ఇచ్చాడో సుభాని ఒక్కోసారి ఒక్కో రకంగా చెబుతాడు. రంజాన్ నెలలో కాస్త తగ్గుతుంది, బక్రీదుకు మళ్లీ పెరుగుతుంది. ఇప్పుడు మిగిలింది మాత్రం దర్గా వెనక కొన్ని చింతచెట్లూ, ఉరుసు నాడు గంధం చెంబు అందరికంటే ముందు తలకెత్తుకునే హక్కూ. ఆ హక్కును కూడా ఆయన ఇక్కడుండగా అక్కడ తమ్ముడు అనుభవిస్తున్నాడు. ఉరుసు వీడియో ఫోన్‌లోకి వచ్చినప్పుడల్లా చెంబు సరిగా పట్టుకోలేదని తమ్ముడి మీద కోపం చేసుకుంటాడు.

వాళ్ల ఇంటికి ఇంకొక ఆచారం ఉంది. ఇనాందారు ఇంటివాళ్లు ఊరందరికీ పెడతారు గానీ ఇంకొకరి ఇంట్లో తినరు. ఉరుసుకు వచ్చిన ఫకీరు దగ్గర్నుంచి కలెక్టరు దాకా వాళ్ల పందిట్లో తినాల్సిందే, వాళ్లు మాత్రం ఎవరి గడపలోనూ చెయ్యి కడగరు. తన పెళ్లికి కూడా అత్తగారింట్లో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పి తిన్నానని సుభాని మాతో గర్వంగా చెప్పేవాడు. మరి తబూక్‌లో హోటళ్లలో తింటున్నావు కదయ్యా అంటే, రియాలు ఇచ్చి కొన్నది ఆ లెక్కలోకి రాదట. ఈ మినహాయింపు తాతల నాటిదా, ఎయిర్‌పోర్టులో దిగాక పుట్టిందా అని నేను అడగలేదు. బిర్యానీ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

గదిలో ఉండే రెండో మనిషి షరీఫ్. సుభాని భార్య హలీమాకు స్వయానా తమ్ముడు. ఏసీలు బాగుచేసే పని. వాడికి వీసా పుట్టించింది సుభానే. కఫీలు, అంటే వీసా ఇచ్చే అరబ్బు యజమాని, ఇంటి చుట్టూ తిరిగి, ఆయన పిల్లల్ని బడికి దింపి, చివరికి కాగితం సాధించాడు. మొదట్లో బావా బామ్మర్దులిద్దరూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తినేవాళ్లు. పళ్లెంలో మంచి ముక్క ఉంటే బావ దాన్ని బామ్మర్ది వైపు నెట్టేవాడు. నా వైపు ఎప్పుడూ నెట్టిన పాపాన పోలేదు.

తర్వాత షరీఫ్ సాయంత్రాలు మసీదులో పాఠాలకు వెళ్లడం మొదలుపెట్టాడు. గడ్డం పెంచాడు, పొగ మానేశాడు, పని మరింత శ్రద్ధగా చేశాడు. ఇవన్నీ మంచివే. దాంతోపాటు దర్గాలూ గంధాలూ, కుండ మీద ఫాతెహా ఓది, అంటే పెద్దల పేరున ప్రార్థన చదివి తినడం, ఇవేవీ మతంలో లేవని కూడా నిర్ణయించుకున్నాడు. సుభాని ఏమో ప్రతి శుక్రవారం బిర్యానీ దించేముందు మూత మీద చెయ్యిపెట్టి, పెదవి కదిలీ కదలకుండా ఫాతెహా ఓదుతాడు. ఒక శుక్రవారం షరీఫ్ అది చూసి, అట్లా ఓదింది తాను తిననన్నాడు. మా ఇంటి కుండ ఓదకుండా దిగదని సుభాని అన్నాడు. మాట పెరిగింది. సాయంత్రానికి షరీఫ్ తన మంచం చుట్టూ దుప్పటి కట్టి, వెనకాల చిన్న కరెంటు పొయ్యి పెట్టుకుని పప్పూ అన్నం వండుకున్నాడు.

అది మొదలు ఇద్దరికీ మాటల్లేవు. ఉండేది ఒకే గది, పీల్చేది ఒకే ఏసీ గాలి, ఆ ఏసీ బాగుచేసేది కూడా షరీఫే. ఏదైనా చెప్పాల్సి వస్తే మూడో మనిషి దావూద్ ద్వారా చెప్పుకునేవాళ్లు. దావూద్ మదనపల్లె వైపు కుర్రాడు, ఎలక్ట్రీషియను, నోరు ఆగదు. “లైటు ఆర్పమని ఆయనకు చెప్పు” అని సుభాని అంటే, చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్న షరీఫ్‌కు దావూద్ ఆ మాట ఉర్దూలోకి మార్చి మరీ అందించేవాడు. ముగ్గురి మాతృభాషా తెలుగే అయినా సరే.

ఇలా ఉండగా సుభానికి కంపెనీ వాళ్లు కొత్త డ్యూటీ వేశారు. ఎడారిలో పాతకాలపు రాతి కట్టడాలు కొలిచే బృందానికి పెద్దాయన ఒక ఫ్రెంచి ముసలాయన, పేరు ఎతియెన్. ఆయన్ను తెల్లవారే తీసుకెళ్లి సాయంత్రం తీసుకురావాలి. దారి తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది. ఇటు చూసినా ఇసకే, అటు చూసినా ఇసకే. అలాంటి దారిలో డ్రైవరు కునికితే ఏమవుతుందో ముసలాయనకు తెలుసు. అందుకని కారెక్కిన దగ్గర్నుంచి సుభానికి కథ చెప్పేవాడు. పూర్వం పుదుచ్చేరిలో పనిచేసినవాడు కాబట్టి మన ఇంగ్లీషు ఆయనకు అర్థమయ్యేది, సుభాని ఇంటర్మీడియెట్‌లో ఆపేసిన ఇంగ్లీషుతో సహా.

ఆ కథ ముసలాయన సొంత వంశానిది. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో మతయుద్ధాలు జరిగేటప్పుడు ఆయన పూర్వీకుడు బెర్త్రాన్ అనే ప్రభువు ఉండేవాడు. క్యాథలిక్కు. నది ఒడ్డున కోట, కోట ముందు రాతి వంతెన, వంతెన ఆవల పట్నం. ఈ ముక్క వినగానే సుభానికి నిద్ర వదిలిపోయింది. తనలాంటి పెద్దింటి మనిషి ఒకడు పరదేశపు చరిత్రలో దొరికాడని ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ శుక్రవారమే మా ముందు పళ్లెం పెట్టి, పక్కనే బెర్త్రాను దొరను కూడా కూర్చోబెట్టాడు.

అప్పటి నుంచి వారం వారం బిర్యానీతో పాటు ఆ దొర కథ. చలికాలమంతా సాగింది. ఫ్రాన్సు సంగతి నాకు తెలియదు గానీ రాయలసీమ సంగతి తెలుసు. బెర్త్రాను దొర మీసం దువ్వడం, గడపలో పంచాయితీ చెప్పడం, గుర్రం వెనక మనుషుల్ని వేసుకుని తిరగడం వింటుంటే జమ్మలమడుగు బస్టాండులో చూసిన ముఖాలే కనపడేవి. ఒకసారి దొరగారు పొద్దున్నే రాగిసంగటి తిన్నాడన్నాడు. ఫ్రాన్సులో రాగులు ఎక్కడివని నేను అడిగితే, పెద్దింట్లో దొరకనిది ఉండదన్నాడు.

అసలు గొడవేమిటంటే, క్యాథలిక్కులకు పునీతుల విగ్రహాలు, ఊరేగింపులు, దీపాలు, సమాధుల దగ్గర మొక్కులు ఉండేవి. హ్యూగెనోలనే కొత్త జట్టు వాళ్లు ఇవేవీ మతంలో లేవన్నారు. చర్చిల్లో చొరబడి విగ్రహాలు పగలగొట్టారు. క్యాథలిక్కులు వాళ్ల ప్రార్థనశాలలు తగలబెట్టారు. రాజు కాసేపు ఇటు, కాసేపు అటు. మధ్యలో రాజీ, మళ్లీ యుద్ధం. బెర్త్రాను దొర పెళ్లాం తమ్ముడు ఇసాకు హ్యూగెనోలలో కలిసిపోయి, వంతెన ఆవల పట్నంలో వాళ్లకు పెద్దయ్యాడు.

ఇక్కడికి వచ్చేసరికి దావూద్ నములుతున్నవాడు ఆగి అడిగాడు.

“ఇద్దరూ ఆ ఏసునే గదా నమ్మేది. మల్ల ఎందుకు కొట్టుకునేది?”

అందరం ఒక్కసారి దుప్పటి వైపు చూశాం. దుప్పటి వెనక పప్పు గరిటె చప్పుడు ఆగిపోయింది. సుభాని గొంతు సవరించుకుని, అదంతా పెద్ద చరిత్ర, నీకు అర్థం కాదని దావూద్‌ను కసిరాడు.

నాలుగైదు వారాలకు గదిలో జట్లు తయారయ్యాయి. దావూద్ హ్యూగెనోల వైపు, ఎందుకంటే వాళ్లంతా దావీదు, ఇసాకు, దానియేలు అంటూ పైగంబర్ల పేర్లు, అంటే ప్రవక్తల పేర్లు, పెట్టుకునేవాళ్లట. దావీదంటే దావూదే కాబట్టి వాడికది సొంత ఊరి జట్టయింది. నేను రాజు వైపు, వ్యాపారస్థుడికి అదే క్షేమం. సుభాని సంగతి చెప్పక్కర్లేదు. ఇసాకు దొర మాత్రం కథలో ప్రతివారమూ కొంచెం కొంచెం చెడిపోతున్నాడు. మొదట మొండివాడన్నాడు, తర్వాత పెద్దాచిన్నా తెలియనివాడన్నాడు, ఆ పై వారానికి బావ పెట్టిన ఉప్పు మరిచినవాడన్నాడు. దుప్పటి వెనక మనిషి దగ్గుతూనే ఉన్నాడు.

ఒక శుక్రవారం సుభాని కథ చెప్పే ఓపిక లేదని పడుకున్నాడు. సాయంత్రం షరీఫ్ నా కొట్టుకు వచ్చి, సబ్బు తీసుకుని, వెళ్లకుండా నిలబడ్డాడు. ఆ ఇసాకును రాజు మనుషులు పట్టుకున్నారా లేదా అని నన్నడిగాడు. నీకెందుకయ్యా అన్నాను. ఊరికే అన్నాడు. నేను నవ్వితే సబ్బు అక్కడే మరిచిపోయి వెళ్లిపోయాడు.

చలికాలం చివర్లో రెండు వార్తలు వచ్చాయి. షరీఫ్ కంపెనీకి జిజాన్‌లో పెద్ద పని దొరికింది, వాడిని అక్కడికి పంపుతున్నారు. తబూక్ ఈ దేశానికి ఒక కొస, జిజాన్ ఇంకో కొస. అక్కడికి వెళ్తే మళ్లీ ఎదురుపడేది ఉండదు. రెండోది, ఎతియెన్ ముసలాయన పని ముగించుకుని ఫ్రాన్సుకు వెళ్లిపోతున్నాడు.

హలీమా నాకు ఫోన్ చేసింది. నన్ను అన్నా అంటుంది. సాధారణంగా మొగుడు మందులు వేసుకుంటున్నాడా అని అడగడానికి చేస్తుంది. ఈసారి ఏడుస్తూ చేసింది.

“మా తమ్ముడు ఆయనతో కలిసి ఒక పూట కూడా తినకుండా పోతే ఇంక అంతే అన్నా. ఇద్దరూ జలమలో మాట్లాడుకోరు. మా అమ్మ లేదు, నాయన లేడు, నాకు పుట్టిల్లంటే వాడొక్కడే. ఈయన్ను కాదని వాడి గడపకు పోలేను, వాణ్ని వదులుకోనూ లేను. ఏదో ఒకటి చెయ్యన్నా.”

సరేనన్నాను గానీ ఏం చేయాలో నాకు తోచలేదు. సుభాని దగ్గరికి వెళ్లి, వచ్చే శుక్రవారం ఒక్కరోజు ఆ ఫాతెహా మానేయవయ్యా, షరీఫ్ వచ్చి కూర్చుంటాడు అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. చాలాసేపు మీసం నిమురుకుని, మా నాయన నేర్పింది అదొక్కటే, అదీ వదిలేస్తే ఈ దేశంలో నేను ఉత్త డ్రైవరునే కదా ఖాజా అన్నాడు. ఆ మాటకు నాకు జాలేసింది. షరీఫ్‌ను కదిపితే, మనసు ఒప్పుకోనిది తిని బావను మోసం చెయ్యలేనన్నాడు. అదీ తప్పనలేకపోయాను. ఇద్దరూ మంచివాళ్లయితే మధ్యవాడి పని ఇంత కష్టమని నాకప్పుడే తెలిసింది.

సుభాని దగ్గర మాత్రం ఒక ఉపాయం ఉంది. ముసలాయన చివరి ప్రయాణంలో దొర కథ ముగింపు చెబుతానన్నాడట. ఆ ముగింపు ఏదైనా సరే, తాను దాన్ని సరిచేసి చెబుతానన్నాడు. షరీఫ్ చివరి శుక్రవారం నాడు ఇసాకు తప్పు తెలుసుకుని, వంతెన దాటి, బావ కోట గుమ్మంలోకి వస్తాడు. బావ లేచి కౌగిలించుకుంటాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటారు. అది వింటే వాడు దుప్పటి తప్పించుకుని బయటికి రాకుండా ఉండలేడన్నాడు. మరి ఫాతెహా సంగతేమిటంటే, అంతదాకా వస్తే వాడి మనసే కరుగుతుందన్నాడు. ఇందులో కరగాల్సింది ఒక్క షరీఫ్ మనసేనా అని నాకు అనిపించింది. పైకి అనలేదు.

ముసలాయనను చివరిసారి దింపి వచ్చిన గురువారం, సాయంత్రం అసర్ నమాజు వేళ, సుభాని నా కొట్టు ముందు ఖాళీ పెప్సీ పెట్టెల మీద కూర్చున్నాడు. చాయ్ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకున్నాడు. దొర ఏమైపోయాడని అడిగాను. రేపు చెబుతానని లేచి పోయాడు. చాయ్ ముట్టనేలేదు.

శుక్రవారం బిర్యానీ ఎప్పటికంటే ఎక్కువ వండాడు. మూత మీద చెయ్యి పెట్టి ఓదాడు కూడా. నేనూ దావూద్ కూర్చున్నాం. దుప్పటి వెనక షరీఫ్ సంచి సర్దుకుని, తన పప్పు కుండ ముందు కూర్చున్నాడని అడుగున కనిపించే కాళ్లను బట్టి తెలిసింది. మాటలు వినడానికి వీలుగా ఇటు తిరిగే కూర్చున్నాడు.

సుభాని తనకు వడ్డించుకోలేదు. ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాడు. ఆ ఏడు మళ్లీ యుద్ధం వచ్చింది. రాజు సైన్యం వంతెన ఆవలి పట్నాన్ని చుట్టుముట్టింది. లోపల గింజ లేదు, పైగా విషజ్వరాలు. ఇసాకు ఆ లోపలే ఉన్నాడు. సైన్యాధిపతి బెర్త్రాను దొరకు స్నేహితుడు. దొర కావాలంటే వంతెన మీద నడిచి వెళ్లి రావచ్చు, ఆపేవాడు లేడు. దొర ఇసాకుకు కబురు పంపాడు. నా గుమ్మం తెరిచే ఉంది, బల్ల మీద భోజనం సిద్ధంగా ఉంది, నువ్వొస్తే నీ తలవెంట్రుక కూడా ఎవడూ తాకడని.

“అప్పుడు ఇసాకు...” అని సుభాని దుప్పటి వైపు చూశాడు. “ఇసాకు వంతెన దాటి వచ్చినాడు. కోట గుమ్మం కాడ నిలబడినాడు. నిలబడి...”

ఆగిపోయాడు. పళ్లెం అంచు వేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

“లేదు. అబద్ధం చెప్తాండా. ఇసాకు రాలేదు.”

తర్వాత జరిగింది మీసం దువ్వకుండా, రాగిసంగటి కలపకుండా, ముసలాయన చెప్పింది చెప్పినట్టే చెప్పాడు. ఇసాకు తిరుగు కబురు పంపాడు. నీ ప్రార్థన జరిగిన బల్ల దగ్గర నేను తినలేను బావా, నా దగ్గర ఒక రొట్టె ముక్క మిగిలింది, నువ్వే రా, చెరి సగం తిందాం అన్నాడు. బెర్త్రాను దొర వెళ్లలేదు. వాళ్ల వంశంలో ఎవరూ ఇంకొకరి గడప తొక్కి తినలేదట. రోజూ బల్ల వేయించి, గుమ్మం తెరిపించి, తన చోటులో తాను కూర్చుని ఎదురుచూశాడు. ఇసాకు జ్వరంతో పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు రాజు రెండు జట్లకూ రాజీ చేశాడు. రెండు వైపుల జనమూ ఆ వంతెన మీద సంతకు వచ్చి పోయారు. ముసలివాడై చచ్చేదాకా దొర మాత్రం దాన్ని దాటలేదు. అంతా విన్నాక ఎతియెన్ ముసలాయనను, మీ పూర్వీకుడు మంచివాడేనా అని సుభాని అడిగాడట. మంచివాడే, గుమ్మం ఒక్కరోజు కూడా మూయలేదు అని ఆయన చెప్పాడట.

దావూద్‌కు ఒళ్లు మండిపోయింది. పళ్లెం పక్కకు తోశాడు.

“గుమ్మం తెరిస్తే ఏం లాభం? ఆ దొరకు కాళ్లు లేవా? వంతెనెక్కి పోయుంటే అయిపోతాండె గదా.”

సుభాని దావూద్‌ను కసరలేదు. వాడి వైపు చూసి, నిజమేనన్నట్టు తలూపాడు. ఇన్నాళ్లూ హలీమా ఏడ్చింది, నేను మధ్యవర్తిత్వం చేశాను, దావూద్ కబుర్లు మోశాడు. అందరమూ షరీఫ్ ఈ పళ్లెం దగ్గరికి వస్తాడా రాడా అనే ఆలోచించాం. సుభానే షరీఫ్ కుండ దగ్గరికి వెళ్లొచ్చన్న ఊహ మాలో ఒక్కరికీ రాలేదు. ఇనాందారు అంటే పెట్టేవాడేనని ఆయన ఎంత నమ్మాడో, ఆయన్ను ఎగతాళి చేసే నేనూ అంతే నమ్మాను. నా మీద నాకే చిరాకేసింది.

సుభాని మోకాళ్ల మీద చెయ్యి వేసి లేచాడు. ఖాళీ పళ్లెం పట్టుకుని దుప్పటి దాకా వెళ్లాడు. అక్కడ నిలబడి, ఎవరింటి ముందో నిలబడ్డవాడిలా గొంతు సవరించుకున్నాడు.

“షరీఫ్, లోపలికి రావచ్చునా?”

కాసేపటికి దుప్పటి పక్కకు జరిగింది. షరీఫ్ ఎర్రబడ్డ కళ్లతో నిలబడి ఉన్నాడు.

“పప్పే బావా. ఇంకేం లేదు.”

“పప్పే పెట్టు.”

షరీఫ్ మంచం మీది సంచి కిందికి దించి, పక్క దులిపి చోటు చేశాడు. కుండలో పప్పన్నం ఒకరికి సరిపడా మాత్రమే ఉంది. అదంతా బావ పళ్లెంలోకే వంచాడు. సుభాని కూర్చుని ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పాపం, ఎన్ని తరాల తాతలు ఆ చెయ్యి పట్టుకుని లాగారో. తర్వాత తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని నాకు తెలుసు. షరీఫ్ వంట ఎప్పుడూ అంతే. సుభాని ఇంకో ముద్ద కలిపాడు.

అప్పుడు షరీఫ్ నోరు విప్పాడు. ఫాతెహా గురించో దర్గా గురించో మాట్లాడతాడనుకున్నాను. వాటి ఊసే ఎత్తలేదు.

“నీ పెండ్లి పొద్దు మా అమ్మ పొట్టేలు కోపిచ్చింది బావా. మూడు దినాల ముందు నుంచి మసాలాలు నూరుకుంది. అల్లుడు ఇనాందారు, బాగ చెయ్యాలని. నువ్వు వచ్చి కూచుని క్యారియర్ ఇప్పినావు. మా అమ్మ దొడ్లోకి పోయి ఏడిసింది. నేను చిన్నోన్ని, చూసినా. సచ్చిపోయేదాకా అడుగుతానే ఉన్నింది, మా ఇంట్లో అన్నం అల్లుడికి పనికిరాదా అని.”

సుభాని తల ఎత్తలేదు. ఆయన కళ్లలో నీళ్లు పళ్లెంలో పడుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు. మేమందరం గొప్పగా విని నవ్వుకున్న ఆ క్యారియర్ కథకు ఇంకో వైపు ఒక ముసలావిడ ఉందని ఇన్నేళ్లూ మాకెవరికీ తెలియదు. నేను నా బిర్యానీ వైపు చూసుకున్నాను. తినబుద్ధి కాలేదు. ఆ మాట నా గురించి చెబితే ఎవరూ నమ్మరు గానీ, నిజం.

పళ్లెం ఖాళీ అయింది. సుభాని దాన్ని చాచి, ఇంకొంచెం ఉందా అని అడిగాడు. లేదు బావా అని షరీఫ్ అన్నాడు. అంటూ కిందికి జారి, బావ మోకాలి మీద తల పెట్టాడు. సుభాని ఎడమచెయ్యి వాడి నెత్తి మీద వేశాడు. కుడిచెయ్యికి ఇంకా పప్పు అంటుకునే ఉంది.

షరీఫ్ ఆ శుక్రవారం కూడా మా బిర్యానీ ముట్టలేదు. ఎవరూ ముట్టమనలేదు. బస్సుకు టైమవుతుంటే సుభానే వాడి సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. కొట్టు ముందు బండి కోసం నిలబడ్డప్పుడు షరీఫ్ ఫోన్ తీసి అక్కకు కలిపాడు. హలీమా అటు నుంచి ఏం అడిగిందో మాకు వినపడలేదు. వాడు చెప్పింది మాత్రం విన్నాను.

“అక్కా, బావ మన ఇంట్లో అన్నం తిన్యాడు.”